పానకం, పంచ్, మా అత్తగారు

శ్రీరామనవమికి మా ఇంట్లో పానకం కలిపేది అత్తగారే. ఈసారి ఆవిడ బెల్లం నలుపుతుంటే, హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్న మా అబ్బాయి పక్కన చేరి తన నోట్సులోంచి ‘పంచ్’ అనే కాక్‌టెయిల్ గురించి చదివాడు. సారా, పంచదార, నిమ్మరసం, నీళ్లు, ఒక సుగంధ దినుసు. అయిదు కలుస్తాయి కాబట్టి మన ‘పంచ’ నుంచే ఆ పేరు వచ్చిందట.

“ఓలమ్మో, ఇందల సారా తీసేత్తే మన రాములోరి పానకమే కదేటి!” అన్నారు అత్తగారు. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని, మాట పుట్టుక దొరికితే వదలను. ఆ రాత్రి వాడి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పంచ్ అనే మాట రాతలో మొదట కనిపించేది 1632 నాటి ఉత్తరంలో. ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకడు పేటపోలిలో ఉన్న వర్తకుడికి రాశాడు. పేటపోలి అంటే ఎక్కడో కాదండీ, బాపట్ల దగ్గరి మన నిజాంపట్నమే! 1673లో మచిలీపట్నం వచ్చిన జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ అయిదు దినుసుల సంగతి తన పుస్తకంలో రాశాడు. కాదు, ‘పన్షన్’ అనే పీపా పేరు నుంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. నా ఓటు మాత్రం పంచకే.

తర్వాత ఈ పంచ్ ఓడలెక్కి కరీబియన్ దీవులకు పోయింది. అక్కడ సారా బదులు చెరకు మడ్డితో కాచిన రమ్ము పోశారు. ఆ చెరకు ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల చెమట. బానిసత్వం రద్దయ్యాక మారిషస్ చెరకు తోటలకు మన ఉత్తరాంధ్ర వాళ్లే కూలీలుగా వెళ్లారు. కోరంగి రేవులో ఓడెక్కి పోయారని అక్కడ తెలుగువాళ్లకు ‘కోరంగి’ అనే పేరు పడింది. ఇక 1930లలో హాలీవుడ్‌లో డాన్ అనే ఆయన, 1944లో ఓక్లాండ్‌లో విక్టర్ బెర్జెరాన్ ఆ రమ్ము, నిమ్మ, తీపినే అటూ ఇటూ మార్చి కొత్త పేర్లు పెట్టారు. ‘మై తై’ నాదంటే నాదని ఇద్దరూ తగువు పడ్డారు కూడా. తాహితీ భాషలో ఆ మాటకు ‘బాగుంది’ అని అర్థం.

ఎవరికి బాగుందో! మా ఇంట్లో సారా మాట ఎత్తం. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పాతపట్నంలో మా అత్తగారికి ఆ సంబరం దక్కలేదు. 1936లో గీసిన గీతకు పర్లాకిమిడి అటు ఉండిపోయింది. మామగారికి నాలుగడుగులు వేస్తే ఒరిస్సా. ఆవిడ చంద్రహారం, ఇంటి వెనక కొబ్బరితోట ఆ గీత దాటే పోయాయి. చివరికి ఆయనా పోయారు.

ఆవిడ మనవడికేమో ఓడల్లో బార్‌టెండర్ ఉద్యోగం కావాలి. నాకు చెప్పాడు, నాన్నమ్మకు చెప్పలేదు. పండగ నాడు ఆ నోట్సు ఎందుకు చదివాడో నాకప్పుడు అర్థమైంది.

మర్నాడు నేనే చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం వాణ్ని పిలిచి, “కలుపుతావు గానీ, నువ్వు తాగవు కదేటి?” అన్నారు.

“తాగను నాన్నమ్మా.”

“మరి నిమ్మకాయ ఎంత పిండుతావో సూపించు” అంటూ మిగిలిన పానకం గిన్నె వాడి ముందుకు జరిపారు.