మారిషస్ ద్వీపమునకు గట్టికలప దిగుమతి: ఎబొనీ నుండి మెరంటి వరకు

మారిషస్ ద్వీపములో నేడు తలుపులకు, మెట్లకు, బల్లలకు వాడుచున్న గట్టికలపలో అధికభాగము ఓడలమీద వచ్చునదే. ఒకప్పుడు ఈ ద్వీపమే పరదేశములకు మేలురకపు కలపను పంపెడిది. ఆ మార్పు ఎట్లు జరిగినదో తెలిసిన, మన తాతల ఇండ్లలోని పాత కర్రకు అంత విలువ ఎందుకున్నదో తెలియును.

ముందుగా ఒక మాట. వ్యాపారములో గట్టికలప అనగా వెడల్పాకుల చెట్ల కలప. పైను వంటి సూదియాకుల చెట్లది మెత్తకలప. ఈ భేదము చెట్టుజాతిని బట్టి ఏర్పడినదే గాని గట్టిదనమును బట్టి కాదు. ఎంతో తేలికయైన బాల్సా కూడ ఈ లెక్కలో గట్టికలపయే! మన పెద్దల మాట ఇంతకంటె సూటిగా నుండును: చేవ. మాను నడుమ ముదిరిన కర్ర చేవ. దానిచుట్టు ఉండు తెల్లకర్రకు చెదలు త్వరగా పట్టును. మనుష్యులలో సత్తా గలవారిని "చేవ గలవారు" అనుట దీనినుండి వచ్చినదే.

1638లో డచ్చివారు ఇచ్చట నివాసము ఏర్పరచుకొన్నపుడు ద్వీపము దాదాపు అంతయు అడవి. వారు నల్లని చేవగల ఎబొనీ మానులను నరికి ఓడలకెత్తిరి. తెలుగునాట బీడీ ఆకులిచ్చు తునికి చెట్టు ఈ ఎబొనీకి దాయాది. రెండును ఒకే ప్రజాతికి చెందినవి. ఎబొనీ మిక్కిలి నెమ్మదిగా పెరుగును. నరికినంత వేగముగా అది తిరిగి రాలేదు.

ఫ్రెంచివారి కాలమున ఓడల మరమ్మతునకు, ఇండ్లకు, వంటచెరకునకు అడవి మరింత తరిగెను. 1769లో పియెర్ ప్వావ్ర్ అను అధికారి, ప్రతి భూస్వామి తన భూమిలో నాలుగవ వంతు అడవిగా ఉంచవలెనని నియమము చేయించెను. మంచి నియమమే. కాని 1810లో ద్వీపము ఆంగ్లేయుల వశమైనది, 1825లో ఇచ్చటి చక్కెరపై బ్రిటనులోని సుంకము తగ్గినది. అటుపిమ్మట చెరకు ముందు ఏ నియమమును నిలువలేదు. తోటలకొరకు అడవి కొట్టిరి, మిల్లుల బాయిలరులకు ఆ కట్టెలనే వేసిరి. 1834 తరువాత ఒప్పందపు కూలీలుగా వచ్చిన మన పూర్వులును ఈ పనిలో చెమటోడ్చిరి. ఇది దాచవలసిన సంగతి కాదు. నేడు మంచి స్థితిలో మిగిలిన సహజారణ్యము ద్వీప వైశాల్యములో నూటికి రెండు వంతులు కూడ లేదు.

సొంత మాను కరవైనపుడు బయటి మాను రావలసివచ్చును. 1826లో బర్మాలోని తెనాసెరిం తీరము ఆంగ్లేయుల చేతికి వచ్చిన పిదప మౌల్మీను రేవు టేకు ఎగుమతికి ప్రసిద్ధి చెందెను. మాపూ గ్రామమున 1859లో పూర్తియైన లబుర్దొనే భవనము టేకుతో కట్టినదే. టేకు అను మాట కూడ మన ద్రావిడ భాషలదే: మలయాళము నుండి పోర్చుగీసువారు గ్రహింపగా ఇంగ్లీషునకు, ఫ్రెంచికి చేరెను. తెలుగువారిని ఇచ్చట "కొరింగీలు" అని పిలిచిరి గదా! కాకినాడ చెంతనున్న ఆ కోరంగి రేవు ఓడల నిర్మాణమునకును పేరుపొందినది. గోదావరి ఎగువ అడవుల టేకు దుంగలు నదిమీద తేలుచు దిగివచ్చెడివి.

తుపానులు కర్ర ఇండ్లను పలుమార్లు కూల్చినవి. 1892 ఏప్రిల్ తుపాను పోర్ట్ లూయిస్‌లో పెద్దభాగమును నేలమట్టము చేసెను. 1960 ఫిబ్రవరి చివర వచ్చిన కేరొల్ తరువాత జనులు కాంక్రీటును ఆశ్రయించిరి. గోడలనుండి కర్ర తొలగినది. తలుపులలో, సామానులలో మిగిలినది. 1968 ప్రాంతమున మొదలైన ఓడ బొమ్మల పరిశ్రమ టేకునకు, కర్పూరపు మానునకు క్రొత్త ఉపయోగము చూపెను.

కలప వచ్చు చోట్లు కూడ మారినవి. 1985లో ఇండోనేషియా దుంగల ఎగుమతిని నిషేధించెను. 2010లో మడగాస్కరు ఎబొనీ, రోజువుడ్ నరుకుటను, ఎగుమతిని నిషేధించెను. 2014 ఏప్రిల్ 1 నుండి బర్మా, అనగా మయన్మారు, దుంగలను పంపుట మానెను. ఇండోనేషియా, మయన్మారు నిషేధములు ప్రధానముగా దుంగలకు సంబంధించినవి. కోసిన కలప వ్యాపారము సాగుచునే యున్నది. సుంకపు పట్టికలలో 4403 అనగా దుంగలు, 4407 అనగా కోసిన కలప. పాత లెక్కలు వెదకువారు ఈ రెండింటిని కలిపివేయరాదు.

ఇప్పుడు అంగడిలో మనకు తరచు కనబడునది మలేషియా వైపునుండి వచ్చు మెరంటి. అది మన గుగ్గిలపు చెట్టుకు చుట్టము. చూచుటకు ఎర్రగా, నునుపుగా ఉండును. కాని లేతరంగు మెరంటి చెదలకు నిలువదు. చెదలను క్రియోలులో కార్యా అందురు. తోటలలో పెంచిన టేకును వచ్చుచున్నది. చిన్న వయసులోనే నరికిన మానులో చేవ తక్కువ, తెల్లకర్ర ఎక్కువ.

ఈ భేదము తెలియక మేము నష్టపోతిమి. మా గుడి ప్రధానద్వారము పాతబడినదని, టేకు అని చెప్పిన ఒక వర్తకుని మాట నమ్మి క్రొత్త తలుపులు చేయించితిమి. మూడవ వర్షాకాలమునకు అంచులు వంగినవి, అడుగున పొడి రాలసాగెను. పాత ద్వారబంధమును అప్పటికే వెనుక పెరటిలో పడవేసియుంటిమి. వడ్రంగి దానిని కొంచెము చిత్రిక పట్టి చూపెను: బంగారువన్నె గోధుమరంగు, చేతికి నూనె తగిలినట్టి జిగి, తోలు వంటి వాసన. అది టేకు. వానలో పడియున్నను చెదలు ముట్టలేదు.

ఆ కర్రలో మంచి భాగము రెండు గడపలకు సరిపోయెను. ఒకటి ప్రధానద్వారమునకు, ఒకటి వంటశాలకు అమర్చితిమి. తలుపులకొరకు ఇంకను వెదకుచున్నాము. ఇల్లు పడగొట్టువారెవరైన పాత కర్రను పారవేయక మునుపు సంఘమునకు తెలుపగోరుచున్నాము.