యుద్ధాన్ని చూసిన పెద్దలను అడుగుదాం



1942 ఏప్రిల్ 5 ఈస్టర్ ఆదివారం. ఆ ఉదయమే జపాను విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మరునాడు మన విశాఖపట్నం, కాకినాడల మీద వేశాయి. విశాఖ రేవులో ప్రాణాలు పోయాయి. పండుగ మరునాడే జనం పిల్లలను చంకనెత్తుకొని పల్లెలకు తరలిపోయారు.

అంతకు ముందు, 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అక్కడ రేవులో, బియ్యం మిల్లుల్లో కూలి చేసుకునే మన ఉత్తరాంధ్రవాళ్లు ఎందరో కొండలు, అడవులు దాటి కాలినడకన ఇంటిదారి పట్టారు. ఆకలికీ, కలరాకీ చాలామంది దారిలోనే రాలిపోయారు. తిరిగి వచ్చినవారిలో తమ కథ రాసుకున్నవారు బహు తక్కువ. చాలామంది కథ మనవల జ్ఞాపకంలోనే మిగిలింది.

1960లలో అదే జపానుకు బైలడిల్లా ఇనుప ఖనిజం పంపడానికి మన కొండలు తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. బాంబులు పడిన విశాఖ రేవులోనే ఆ ఖనిజం ఓడలకెక్కింది. పోయిన ప్రాణాలకు అది బదులు కాదు. కాని శత్రుత్వమే చివరి మాట కాదని మనం గ్రహించాలి.

ఆదికాండము 50వ అధ్యాయంలో యోసేపు తన కథ ఎలా చెప్పాడో చూడండి. అన్నలు చేసిన కీడును దాచలేదు, పగనూ పెంచలేదు.

ఆనాటి పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దాటాయి. మీ ఇంట అలాంటి పెద్దలుంటే ఈ వారమే అడగండి, పిల్లలచేత రాయించండి. పగ లేకుండా జ్ఞాపకం ఉంచుకొనే మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.