కుంకుమ భరిణెలో చరిత్ర



పొద్దున దీపం పెట్టేటప్పుడు మీరు చేతిలోకి తీసుకున్న కుంకుమ భరిణెను ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇత్తడిదో, వెండిదో, పుట్టింటి నుంచి వచ్చిందో! మనకది రోజూ వాడే చిన్న వస్తువు. అలాంటి భరిణె ఒకటి రెండేళ్లకోసారి కొండ దిగి వస్తుందంటే, లక్షలాది మంది గంటల తరబడి నిలబడి ఎదురు చూస్తారు. అది మేడారం సమ్మక్క తల్లి భరిణె. ఆ చిన్న భరిణెలో ఎంత చరిత్ర దాగి ఉందో ఇవాళ చెప్పుకుందాం.

2016 దాకా ఒకే వరంగల్లు జిల్లాలో ఉండి, ఆ తరువాత వేరుపడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్ని కలుపుకుంటూ వెళదాం. జనగామ దగ్గర పెంబర్తి ఉంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును సుత్తితో కొట్టి, దేవుళ్లకు తొడుగులు, గుడి తలుపులకు తాపడాలు, కలశాలు చేస్తారు. ఇది కాకతీయుల నాటి నుంచి వస్తున్న పనితనమని చెప్పుకుంటారు. ఇక భూపాలపల్లి వైపు వెళితే గణపురంలో కోటగుళ్లున్నాయి. అక్కడ రాతి స్తంభాల మీద అందాల మదనికలు కనిపిస్తారు. లోహంలోనూ రాతిలోనూ దేవతను చూపించడం ఓరుగల్లు రాజ్యానికి బాగా తెలుసు.

మేడారంలో మాత్రం ఆ రెండూ లేవు. ఈ ఊరు 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. అక్కడ తల్లికి విగ్రహం లేదు. గద్దె, వెదురు కర్ర, కుంకుమ భరిణె, అంతే!

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ కోయ దొరలకు దొరికిన పసిపాప సమ్మక్క. పెరిగి పగిడిద్దరాజును పెళ్లాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టారు. కరవు వచ్చింది. వానల్లేవు, పంటల్లేవు. కప్పం కట్టలేమన్నారు కోయలు. ఓరుగల్లు నుంచి ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. మగవాళ్లు నేలకొరిగారు. కూతురు సారలమ్మ పోరాడుతూ పడిపోయింది. జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడు, అందుకే అది జంపన్న వాగైంది. చివరికి సమ్మక్కే రణానికి దిగింది. వెనక నుంచి పొడిచిన గాయంతో నెత్తురు కారుతూ చిలకలగుట్ట వైపు నడిచి, కనుమరుగైపోయింది. వెతుకుతూ వెళ్లినవాళ్లకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె ఒక్కటే కనిపించిందట.

ఒక్కో వంశంవారు చెప్పే కథలో కొన్ని తేడాలున్నాయి. అది సహజం. ఈ కథను నిలిపింది శాసనాలు కావు. డోలు వాయిస్తూ, బొమ్మలు గీసిన గుడ్డ పడిగెలు పట్టుకుని, వంశచరిత్రలు పాడే డోలి కోయలు దీన్ని నిలిపారు. 'రాతలో లేనిది చరిత్ర ఎలా అవుతుంది?' అనేవాళ్లుంటారు. వాళ్లకు నేనొక మాట గుర్తు చేస్తాను. అదే ఓరుగల్లును 1262 నుంచి 1289 దాకా ఏలింది రుద్రమదేవి. ఈ ప్రతాపరుద్రుడు ఆమె మనవడే. అంతటి మహారాణి పేరు శాసనాల్లో ఎలా ఉందో తెలుసా? 'రుద్రదేవ మహారాజు' అని! రాతికెక్కడానికి ఆమె మగ పేరు పెట్టుకోవలసి వచ్చింది. అడవిలో పాటకెక్కిన సమ్మక్క మాత్రం అమ్మగానే మిగిలింది. మరి రాతను నమ్మాలా, పాటను నమ్మాలా? రెండూ వినాలంటాను నేను.

ఇలాంటి తల్లీకూతుళ్ల కథ మనకొక్కరికే ఉందనుకోకండి. ఐరోపాలో కెల్టులని ఒక పాత జాతి ఉండేది. వాగులు, ఊటలు, చెట్లు వాళ్లకు పవిత్రం. ఇప్పటికీ ఐర్లండులో కొన్ని ఊటబావుల పక్క చెట్లకు మొక్కు గుడ్డలు కట్టి కనిపిస్తాయి. మన రావిచెట్టుకు కట్టే ముడుపు లాంటిదే! సుమారు రెండు వేల ఏళ్ల కిందట, క్రీ.శ. 60 ప్రాంతంలో, ఇంగ్లండులో బూడికా అనే కెల్టు రాణి ఉండేది. భర్త పోయాక రోమను అధికారులు రాజ్యాన్ని లాక్కున్నారు. ఆమెను కొరడాలతో కొట్టారు, ఇద్దరు కూతుళ్లను చెరిచారు. ఆ తల్లి కూతుళ్లను రథమెక్కించుకుని యుద్ధానికి బయలుదేరింది. లండనుతో సహా మూడు పట్టణాలు తగలబడ్డాయి. చివరికి ఓడిపోయింది.

ఇక్కడ ఒక తేడా చూడండి. బూడికా కథ మనకు తెలిసింది రోమనులు రాసిన పుస్తకాల నుంచే. అంటే ఓడించినవాళ్లు చెప్పిన కథ అది. ఆమె మనుషులు ఏమని పాడుకున్నారో, ఏ చెట్టు కింద ఏడ్చారో ఒక్క ముక్క మిగల్లేదు. లండనులో థేమ్స్ నది ఒడ్డున 1902లో ఆమెకు, కూతుళ్లకు పెద్ద కంచు విగ్రహం నిలిపారు. కాని ఆమెను ఇంటికి తోడ్కొని వచ్చే ఊరేదీ లేదు. సమ్మక్క సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. విగ్రహం లేదు, శాసనం లేదు. కాని ఆమె మనుషులున్నారు, ఆమె కథ వాళ్ల నోట ఉంది.

కెల్టులకే బ్రిజిడ్ అనే దేవత కూడా ఉండేది. కవిత్వం, వైద్యం, కమ్మరం ఆ పేరుగల అక్కచెల్లెళ్ల చేతిలో ఉండేవని క్రీ.శ. 900 నాటి ఐర్లండు నిఘంటువొకటి చెబుతుంది. క్రైస్తవం వచ్చాక అదే పేరుతో ఒక పునీతురాలిని కొలిచారు. కిల్డేర్ అనే ఊళ్లో సన్యాసినులు ఆమె పేర ఆరని నిప్పును కాపాడేవారు. ఆ తరువాతి కాలంలో అది ఆరిపోయింది. 1993లో మళ్లీ సన్యాసినులే వెలిగించారు. మధ్యలో అన్ని వందల ఏళ్లు ఆమెను బతికించిందెవరు? గృహిణులే! ఫిబ్రవరి 1 ముందు రాత్రి తుంగ గడ్డితో చిన్న శిలువ అల్లి ఇంట్లో వేలాడదీసేవారు. గుమ్మం బయట ఒక గుడ్డ ఆరవేసి, తెల్లారాక దాచుకుని, తలనొప్పికీ కాన్పుకీ వాడుకునేవారు. 2023 నుంచి ఆమె పేర ఐర్లండులో ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు.

మన జాతరను 1996లో రాష్ట్ర పండుగ చేశారు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది కూడా మీరు విన్నదే. మొదటి రోజు బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. కొండాయి నుంచి గోవిందరాజు, మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు వస్తారు. భర్త తన ఊరి నుంచి భార్య ఉండే చోటికి నడిచి వస్తాడన్నమాట! గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగుతుంది. తుపాకులు గాలిలోకి పేలుస్తారు. శనివారం తల్లులు మళ్లీ అడవికి వెళ్లిపోతారు.

ఆ రోజుల్లో ఆడవాళ్లు ఏమిస్తారో గమనించారా? బెల్లం, దానిని బంగారమంటారు. పసుపు, కుంకుమ, చీర, ఒడిబియ్యం. ఒడిబియ్యం దేవతకిచ్చే నైవేద్యం కాదు కదా! పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు ఒడిలో పోసి పంపేది. అంటే మన ఆడవాళ్లు ఆ తల్లిని అమ్మా అని పిలుస్తూనే, కూతురిలా సాగనంపుతున్నారు. ఏ పండితుడూ రాసిపెట్టని మాట ఇది. మన చేతులే చెబుతున్నాయి.

అయితే ఒక భయం ఉంది. జనం పెరిగినకొద్దీ కథ చెప్పే గొంతులూ పెరుగుతాయి. ఒకరు అవతారమంటారు, ఒకరు రాజకుమారి అంటారు, సినిమా మరొకటి చెబుతుంది. మెల్లగా కోయల గొంతు వెనక్కి పోతుంది. బూడికాకు జరిగిందదే కదా, ఆమె కథ పరాయివాళ్ల మాటల్లోనే మిగిలింది. మనవాళ్లు ఇంకా ఉన్నారు, పాడుతున్నారు. విననిది మనమే. మేడారం వెళ్లినప్పుడు గద్దె మీద బంగారం వేసి వెంటనే బస్సెక్కకండి. ఆ వంశాలవారు చెప్పేది కాసేపు కూర్చుని వినండి.

మరొక మాట చెప్పి ముగిస్తాను. మా అమ్మమ్మది జనగామ దగ్గర పల్లె. ఆమె భరిణె నా దగ్గరుంది, మూతకు సొట్ట పడింది. అది తన తల్లిదని అమ్మమ్మ చెప్పేది. ఆ తల్లి పేరేమిటని నేనెన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మమ్మ లేదు. మా ఇంటి వంశవృక్షంలో ఏడు తరాల మగవాళ్ల పేర్లున్నాయి, ఆమె పేరు లేదు. ఏడు వందల ఏళ్ల కిందటి ఆడదాని పేరును కోయలు నిలుపుకున్నారు. నేను మూడు తరాలు కూడా నిలుపుకోలేకపోయాను.

మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈ సాయంత్రమే అడగండి. చెప్పిన పేర్లు పిల్లల చేత రాయించండి. ఆ కాగితాన్ని కుంకుమ భరిణె పక్కనే పెట్టండి. సెలవు.