నెల్లూరు తీరంలో కాంట్రాక్టు పనివారి ప్రమాదాలు: పరిహార బాధ్యత చరిత్ర

కాంట్రాక్టరు కింద పనిచేస్తూ గాయపడిన మనిషికి పరిహారం ఎవరివ్వాలి? పని చేయించుకున్న సంస్థా, మనుషుల్ని తెచ్చిన కాంట్రాక్టరా? ఇస్కపల్లి ఉప్పు కయ్యలు, కృష్ణపట్నం రేవు, నేలటూరు థర్మల్ కేంద్రం ఉన్న నెల్లూరు తీరంలో ఈ ప్రశ్న ఎన్నో కుటుంబాల బతుకుతెరువుకు సంబంధించింది.

1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద, చనిపోయినవారి కుటుంబం సివిల్ కోర్టుకెక్కి అవతలివారి తప్పును రుజువు చేయాల్సి వచ్చేది. కూలి కుటుంబానికి అది అయ్యే పని కాదు. 1923లో వచ్చిన వర్క్‌మెన్ పరిహార చట్టం ఆ భారాన్ని తప్పించింది. పనిలో, పని కారణంగా ప్రమాదం జరిగిందని తేలితే చాలు, సాధారణంగా పరిహారం ఇవ్వాల్సి వచ్చేది.

ఆ చట్టంలోని 12వ సెక్షన్ కాంట్రాక్టు కూలీకి ప్రాణాధారమైంది. ఒక సంస్థ తన వ్యాపారంలో మామూలుగా భాగమైన పనిని కాంట్రాక్టుకిస్తే, తన ఆవరణలో గాయపడిన కాంట్రాక్టరు మనిషికి, సొంత ఉద్యోగికి ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాల్సి వచ్చేది. ఆ సొమ్మును తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకునే వీలుండేది. వాళ్లిద్దరి లెక్కలు తేలేదాకా బాధితుడు ఎదురుచూడనక్కర్లేకపోయింది.

చిక్కంతా గాయపడిన మనిషినే ‘కాంట్రాక్టరు’ అన్నప్పుడు వస్తుంది. స్వతంత్ర కాంట్రాక్టరుకు ఈ చట్టం వర్తించేది కాదు. ఈ గీత ఎక్కడ గీయాలన్నది ఉప్పు పనివారి కేసులోనే తేలింది. సౌరాష్ట్రలోని ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ తన ఉప్పు మళ్లలో పనిచేసే అగరియాలను స్వతంత్ర కాంట్రాక్టర్లంది. వాళ్లకు పని వేళలు లేవు, కూలి తీసిన ఉప్పును బట్టి, సాయానికి మనుషుల్ని సొంత ఖర్చుతో పెట్టుకోవచ్చు. అయినా వాళ్లు స్వయంగా ఒళ్లొంచి పనిచేస్తున్నారనీ, పని తీరుపై అజమాయిషీ కంపెనీదేననీ చూసి, వాళ్లు కార్మికులేనని సుప్రీంకోర్టు 1956లో తీర్పిచ్చింది. అది పారిశ్రామిక వివాదాల చట్టం కింద వచ్చిన తీర్పే అయినా, కూలీ ఎవరు, కాంట్రాక్టరు ఎవరు అని తేల్చడానికి గీటురాయి అయింది. 1973లో సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో, కుట్టిన బట్టల లెక్కన కూలి తీసుకునే దర్జీలనూ కోర్టు ఉద్యోగులుగానే చూసింది.

ఒడిశాలోని జయపురంలో సినిమా హాలు పనిలో పడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసు మరీ బాధాకరం. అతను ‘క్యాజువల్ కాంట్రాక్టరు’ అని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు గనుక అది నూరు శాతం వైకల్యమేననీ, పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందనీ సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో స్పష్టం చేసింది.

2000లో చేసిన సవరణ క్యాజువల్ కూలీలపై ఉన్న మినహాయింపును తీసేసింది. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది, ఆ తర్వాత నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు లేచాయి. ఇలాంటి చోట్ల బొగ్గు, బూడిద పనుల్లో కాంట్రాక్టు మనుషులే ఎక్కువ. 2020లో పరిహారం లెక్కకు తీసుకునే నెల జీతం పరిమితిని 15,000 రూపాయలు చేశారు. ఆ జీతంతో 30 ఏళ్ల కార్మికుడు చనిపోతే కుటుంబానికి రావాల్సింది 15,59,850 రూపాయలు.

1923 చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పని చేయించుకున్న సంస్థ బాధ్యత అందులోనూ ఉంది. పనికి వెళ్లివచ్చే దారిలో జరిగే ప్రమాదాలను కూడా షరతులతో చేర్చారు. మామూలు యజమాని–ఉద్యోగి సంబంధం వెలుపల పనిచేసే గిగ్ కార్మికులకు మాత్రం ఆ కోడ్ సంక్షేమ పథకాలే చూపింది తప్ప, యజమాని ఇచ్చే పరిహారం చూపలేదు. దావాలో మొదట అడిగేది ఎవరి పని చేశావన్న రుజువే గనుక, గేటు పాసు, హాజరు చీటీ, కూలి జమ అయిన బ్యాంకు పుస్తకం ప్రతి కార్మికుడి ఇంట్లో భద్రంగా ఉండాలి.