మార్లవాయి బడి: గదిలో కొత్తవాడు ఎవరు?



జూన్ 12న బడులు తెరుస్తారు. ఒకటో తరగతి మొదటి వారాల్లో పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టాలి, పేర్లు చెప్పించాలి, ఆటలాడించి ఒకరికొకరిని దగ్గర చెయ్యాలి అని ట్రైనింగుల్లో చెప్తారు. 2021 నుంచి 'విద్యా ప్రవేశ్' పేరుతో ఒకటో తరగతి మొదటి మూడు నెలలు ఆటపాటలతోనే నడపాలని కేంద్రం కూడా చెప్తున్నది. మంచిదే. కానీ గూడెం బడి దగ్గరకొచ్చేసరికి ఇందులో ఒక లెక్క తప్పినట్టు నాకనిపిస్తది. గూడెంలో ఇరవై మంది పిల్లలుంటే ఆ ఇరవై మందీ అప్పటికే అన్నదమ్ములో, బావా బామ్మర్దులో అయ్యుంటారు. కలిసి పశువుల వెంట పోయినవాళ్లు, కలిసి ఇప్పపూలు ఏరినవాళ్లు. వాళ్లను ఒకరికొకరికి పరిచయం చేసేదేముంది? ఆ గదిలో కొత్తవాడు ఒక్కడే, పంతులు.

ఎనభై ఏళ్ల కిందనే ఈ సంగతి పట్టుకున్న చోటు ఒకటుంది. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయి.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండుల గోస ఏందో తెలుసుకోక నిజాం సర్కారుకు తప్పలేదు. ఆ పని మీద వచ్చినవాడే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో మకాం పెట్టి మనవాళ్ల మధ్య ఉన్నారు. ఆయన ఇప్పించిన భూముల పట్టాల గురించి మనం చాలాసార్లు చెప్పుకున్నం. బడి గురించే తక్కువ చెప్పుకున్నం.

అప్పటి పరిస్థితి చూడండి. సర్కారు భాష ఉర్దూ. ఆ ప్రాంతంలో రాతకోతలు ఎక్కువగా మరాఠీలో. ఇంట్లో గోండి. గోండి చదివి రాసి బడి చెప్పగల పంతులు లేడు, పిల్లల చేతిలో పెట్టడానికి గోండి పుస్తకం లేదు. బయటి నుంచి పంతుళ్లను పంపి చేతులు దులుపుకోవడం సర్కారుకు సులువు. అలా చెయ్యలేదు. 1943లో మార్లవాయిలోనే పంతుళ్ల శిక్షణ కేంద్రం పెట్టారు. ఏదో కాస్త మరాఠీ చదవడం వచ్చిన కొద్దిమంది గోండు యువకుల్ని ఏరి, ముందు వాళ్లకు నేర్పారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారుచేశారు. ఆ యువకులకు మరాఠీ ద్వారా వచ్చిన అక్షరాలు అవే కదా. పిల్లలకు ముందు గోండి, తర్వాతే మిగతా భాషలు.

దీన్ని అందరూ 'మాతృభాషలో విద్య' అని ఒక ముక్కలో తేల్చేస్తారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద పని జరిగింది. గోండు పంతులుకు పిల్లాడి తండ్రి ఏ సగావాడో తెలుసు. అంటే పిల్లాడు తనకు తమ్ముడి వరసో, అల్లుడి వరసో మొదటి రోజే తెలిసిపోతది. లెక్కలే తీసుకోండి. నాల్వేన్, సివేన్, సార్వేన్, ఏర్వేన్ అంటే నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగాలు. పలక పట్టకముందే పిల్లాడి చెవిలో ఈ అంకెలు పడి ఉంటాయి. ఈ సంగతి తెలిసిన పంతులు ఇక్కణ్ణుంచే లెక్కలు మొదలుపెట్టొచ్చు. తెలియని పంతులు 'వీడికి ఏమీ రాదు' అని మొదలుపెడతాడు. 'ఏర్' కావాలని పిల్లాడు అడిగితే, దాహమైందని తెలియక, ఏరు ఎక్కడుందిరా ఇక్కడ అంటాడు.

పంతులు పరాయివాడైనా, ముందు తనే విద్యార్థి అయితే పని నడుస్తది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి చేసింది అదే. ముందు సవర భాష తాను నేర్చుకున్నారు, తర్వాత సవర పిల్లలకు వాళ్ల భాషలో బడులు పెట్టారు, వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. మన బడుల్లో కూడా జరుపుతారు, సవర మాట మాత్రం ఎక్కువగా వినపడదు.

మార్లవాయి పద్ధతి నిలవలేదు. హైదరాబాద్ రాజ్యం పోయింది, గోండి వెనక్కి జరిగింది, 1956 తర్వాత బడి తెలుగుదైపోయింది. చిత్రమేమిటంటే, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలన్న 350ఎ అధికరణం రాజ్యాంగంలోకి వచ్చింది కూడా 1956లోనే. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో పుస్తకాలు వేసి కొన్ని బడుల్లో మళ్లీ మొదలుపెట్టారు. పుస్తకం వచ్చింది సరే, దాన్ని చదివి చెప్పే పంతులు ప్రతి బడిలో ఉండాలి కదా.

ఇక్కడికే వస్తది జీవో 3. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న ఆ 2000 నాటి ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. మనం దాన్ని ఉద్యోగాల గొడవగానే మాట్లాడుతున్నం. ఉద్యోగాలు ముఖ్యమే, కాదనను. కానీ ఆ జీవోతో పాటు పోయింది ఒకటో తరగతి మొదటి వారం కూడా. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలె. ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కొలామి వచ్చెయ్యదు. కోయ పంతులు కొలాం గూడానికి పోతే అక్కడ అతనూ కొత్తవాడే. రేపు జీవో 3 లాంటిది మళ్లీ అడిగేటప్పుడు, ఆ గూడెం భాష వచ్చి ఉండాలనే షరతు కూడా మనమే అడగాలె.

ఒక పని ఉంది. 1943లో ఆరేడేళ్ల వయసుతో పలక పట్టిన పిల్లలకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతుంటాయి. జైనూరు, కెరమెరి, సిర్పూర్(యు), ఉట్నూరు వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సెలవుల్లోనే మీ ఊరి పెద్దల దగ్గర కూర్చోండి. ఆ బడుల్లో చదివినవాళ్లు ఎవరన్నా ఉంటే మొదటి రోజు పంతులు ఏ భాషలో పిలిచాడో, ఏ వరసతో పిలిచాడో అడిగి ఫోన్‌లో రికార్డు చెయ్యండి. పాత పెట్టెల్లో దేవనాగరి గోండి వాచకం దొరికితే తెచ్చుకోవద్దు, వాళ్ల ఇంట్లోనే ఉంచి ప్రతి పేజీ ఫోటో తీయండి.