చచ్చిన గొడ్డు ఎవరి పని?

మా తాతది లంద పని. ఊళ్లో ఎద్దు చచ్చినా బర్రె చచ్చినా కబురు మా వాడకే వచ్చేది. నలుగురు కట్టెకు కట్టి ఊరవతలి బీడుకు మోసుకుపోయి తోలు ఒలిచేవాళ్లు. దాన్ని సున్నంలో నానేసి, తంగేడు చెక్కతో పదును చేసి, చెప్పులూ మోట తొండాలూ కుట్టి మళ్లీ ఆ ఆసామికే ఇవ్వాలి. తోలు మాది, మిగతాది రాబందులది. తాత కత్తి తుడుచుకునేలోపే పైన గుంపు తిరుగుతుండేది. గంట గడిస్తే బొక్కలే మిగిలేవి. అవి ఎండాక ఎరువు కోసం ఏరుకునేవాళ్లు బస్తాల్లో ఎత్తుకుపోయేవాళ్లు.

మా నాయన తరం ఆ మోత మానేసింది. ప్లాస్టిక్ చెప్పులు, కరెంటు మోటార్లు వచ్చి తోలుకు గిరాకీ పడిపోయిందనేది సగం మాటే. పౌరుషం ఉన్నవాళ్లు కాబట్టి మానేశారు, మంచి పని చేశారు. రాబందుల పేరు చెప్పి పాత రోజులే మేలని రాసేవాళ్లను చూస్తే అందుకే నాకు ఒళ్లు మండుతుంది. మేం మానేస్తే ఊరు చచ్చిన గొడ్డును ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకుంది. ఆ తర్వాత రాబందులూ మాయమయ్యాయి. అవి పోయాక ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

1990ల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర రాబందులు మెడలు వేలాడేసి చచ్చిపోతున్నాయని పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించారు. ఏదో అంటురోగం అనుకున్నారు. పాకిస్తాన్‌లో చచ్చిన పక్షులను కోసి చూసిన శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు సంగతి బయటపెట్టింది. డైక్లోఫెనాక్! గొడ్డుకు జ్వరమొచ్చినా కుంటినా పొడిచే చౌక సూది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డును తింటే రాబందు మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. తెల్లవీపు రాబందులు వందకు ఒకటి కూడా మిగల్లేదు.

బీడు కుక్కల పాలైంది. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది, తిండి దొరికిన కుక్క ఈతకు నాలుగైదు పిల్లల్ని కంటుంది. రాబందులు పోవడం వల్ల దేశంలో కుక్కలు కనీసం 55 లక్షలు పెరిగాయనీ, రేబిస్‌తో అదనంగా 48 వేల మంది దాకా చనిపోయారనీ 2008లో ఒక అంచనా వేశారు. అప్పట్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు. ఆ నొప్పికి జడిసి సగంలో మానేసినవాళ్లు మా వాడలోనే ఉన్నారు. ఆర్థికవేత్తలు ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ 2024లో ఇంకా పెద్ద లెక్క తీశారు. ఒకప్పుడు రాబందులు ఎక్కువగా ఉన్న జిల్లాలను మిగతా జిల్లాలతో పోల్చి, 2000-2005 మధ్య అదనపు మరణాలు సుమారు 5 లక్షలని తేల్చారు. అందులో రేబిస్ ఒక్కటే కాదు, కళేబరాలు కుళ్లి చెడిన నీళ్ల పాపమూ ఉంది.

2006లో మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. మనుషుల కోసమని అమ్మే పెద్ద సీసాలు మాత్రం కొట్టాలకు చేరుతూనే ఉండేవి. దాంతో 2015లో సీసా 3 మిల్లీలీటర్లు మించకూడదన్నారు. రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ సూది ఎప్పుడో వచ్చింది.

2013లో తెలంగాణలోని బెజ్జూరు అడవిలో ఉన్న పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనబడ్డాయి. అటవీశాఖ వాటికి కళేబరాలు తెచ్చి వేయించింది. అలా వేసే ముందు ఆ గొడ్డుకు చివరి రోజుల్లో ఏ సూది వేశారో అడగాలి. పల్లెల్లో గొడ్డు మందుల చీటీ ఎవరు దాచిపెడతారు?