ఫార్‌స్టర్ గుహలు, రాస్ మసూద్ దోస్తీ

డిగ్రీలో ఇంగ్లిష్ అదబ్ చదివే మన పిల్లలు ఒక చోట ఆగిపోతారు. కథ అర్థమవుతుంది, మనుషులు అర్థమవుతారు. కొండల గురించీ, నది గురించీ, ఆస్మాన్ గురించీ రెండేసి పేజీలు వచ్చిన చోట మాత్రం విసుగొచ్చి పేజీ తిప్పేస్తారు. గైడు పుస్తకం ఆ పని ఇంకా సులువు చేస్తుంది. గుహ అంటే శూన్యానికి గుర్తు, నది అంటే ఫలానా దానికి గుర్తు అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అదే బట్టీ పట్టి రాస్తే మార్కులు కూడా పడతాయి.

నిజానికి ఇలాంటి మంజర్‌లు చదవడానికి కావలసిన సామాను మన ఇళ్లల్లో ముందే ఉంది. ఉర్దూ చదువుకున్న దాదాజాన్‌నో నానాజాన్‌నో అడిగి చూడండి. ముఖం చాంద్ లాగా ఉందంటే తష్బీహ్, ఆ "లాగా" తీసేసి చాంద్ గుమ్మంలోకి వచ్చిందంటే ఇస్తిఆరా. తెలుగు మాస్టారు వీటినే ఉపమ, రూపకం అంటారు. వీటిలో ఇస్తిఆరా మజాజ్ కిందికి వస్తుంది, అంటే మాటకి ఉన్న హకీకీ మానీ పక్కన పెట్టి ఇంకో మానీ వైపు నడిపించడం. మహబూబ్ ముఖం గురించి చెప్పినప్పుడు అందరికీ తెలిసిపోతుంది. జమీన్ గురించి చెప్పినప్పుడు మాత్రం మనం దాన్ని భూగోళం పాఠంలా చదివేస్తాం. చిక్కంతా అక్కడే.

ఒక్క కితాబ్ తీసుకుందాం. ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన 'ఎ పాసేజ్ టు ఇండియా' 1924లో అచ్చయింది. మన ఖాందాన్‌లు దీన్ని చదవాల్సిన ఖాస్ కారణం ఒకటుంది. మొదటి పేజీలోనే ముసన్నిఫ్ దీన్ని సయ్యద్ రాస్ మసూద్‌కి, వాళ్లిద్దరి 17 ఏళ్ల దోస్తీకి అంకితమిచ్చాడు. మసూద్ సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. వాలిద్ సయ్యద్ మహమూద్ అలహాబాద్ హైకోర్టు జడ్జి. 1906లో కుర్రవాడైన మసూద్ ఆక్స్‌ఫర్డ్ చదువు కోసం లాటిన్ నేర్చుకోవాల్సి వస్తే, ఉస్తాద్‌గా కుదిరినవాడు ఫార్‌స్టర్. లాటిన్ ఎంత సాగిందో గానీ దోస్తీ మాత్రం జీవితాంతం సాగింది. ఈ మసూద్ సాహెబే తర్వాత 1916 నుంచి 1928 దాకా హైదరాబాద్‌లో నిజాం హుకూమత్ తాలీమ్ శాఖకి డైరెక్టర్. ఉర్దూ జబాన్‌లో పై చదువులు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీ 1918 ఫర్మాన్‌తో పుట్టి నిలదొక్కుకున్న కాలం అది. 1921లో రెండోసారి హిందుస్తాన్ వచ్చినప్పుడు ఫార్‌స్టర్ హైదరాబాద్‌లో మసూద్ దగ్గర మెహమాన్‌గా ఉన్నాడు కూడా.

నవల చంద్రపూర్ అనే ఊరి వర్ణనతో మొదలవుతుంది. గంగ ఒడ్డునున్న ఆ ఊరు కింద నుంచి చూస్తే ఇళ్లూ మనుషులూ అంతా బురదతో చేసినట్టుంటుంది. అదే ఊరిని దొరల బంగళాలున్న మిట్ట మీద నుంచి చూస్తే చెట్లన్నీ ఒకటై బాగ్‌లా కనిపిస్తుంది. ఇక్కడ పిల్లలు అడగాల్సిన సవాల్ ఊరు అందంగా ఉందా లేదా అని కాదు. ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారని అడగాలి. మిట్ట మీది వాళ్లకి బజారు కనపడదు, మనుషులు కనపడరు, పచ్చదనం మాత్రమే కనపడుతుంది. హుకూమత్ చేసేవాడి నజర్ ఎలాంటిదో ఫార్‌స్టర్ ఒక్క మాట ఉపన్యాసం లేకుండా చెట్లతో చెప్పించాడు. ఇది చదివి హిందుస్తాన్ అంటే బురద అని రాసేశాడని కోపం తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఆ కోపం మజాజ్‌ని హకీకత్‌గా చదవడం వల్ల వచ్చేదే.

అయినా నాకొక షికాయత్ ఉంది. చంద్రపూర్‌కి నమూనా పట్నా పక్కనున్న బాంకీపూర్. 1912-13లో ఫార్‌స్టర్ మొదటిసారి వచ్చినప్పుడు మసూద్ అక్కడే వకాలత్ చేస్తున్నాడు. ఆ బాంకీపూర్‌లో, అదే గంగ ఒడ్డున, 1891 నుంచి ఖుదా బఖ్ష్ లైబ్రరీ ఉంది. అరబీ, ఫార్సీ చేతిరాత కితాబుల ఖజానా అది. దాన్ని నిలబెట్టిన ఖుదా బఖ్ష్ సాహెబ్ కొంతకాలం మన హైదరాబాద్ హైకోర్టుకి చీఫ్ జస్టిస్‌గా కూడా పనిచేశారు. ఫార్‌స్టర్ చంద్రపూర్‌లో మాత్రం గుహలు తప్ప చెప్పుకోదగ్గదేదీ లేదు. కథకి ఖాళీ ఊరు కావాలి కాబట్టి ఖాళీ చేశాడు. నవలాకారుడికి ఆ హక్కుంది, కాదనను. చదివే మనకి మాత్రం అక్కడ ఏం తీసేశాడో తెలిసి ఉండాలి.

గుహల సంగతి ఇంకా గట్టిది. నవలలో మరాబార్ కొండలు మైదానంలోంచి పిడికిళ్లూ వేళ్లూ పైకి లేచినట్టుంటాయి. లోపల ఒక సన్నని దారి, దాని చివర 20 అడుగుల వెడల్పున గుండ్రని గది, అంతే. శిల్పం లేదు, రాత లేదు. ఏం మాట్లాడినా, ఏం పాడినా గోడలు ఒకే మోతగా తిరిగి ఇస్తాయి. దువా అయినా తిట్టు అయినా అక్కడ ఒకటే. మిసెస్ మూర్ అనే ముసలామె ఆ మోత విని మనసు విరిగిపోతుంది.

ఈ గుహలకి అసలు, బిహార్‌లో గయాకి ఉత్తరాన ఉన్న బరాబర్ గుహలు. 1913 జనవరిలో ఫార్‌స్టర్ వాటిని చూశాడు. నున్నగా అద్దంలా మెరిసే గ్రానైట్ గోడలు నిజం. మోత నిజం. కాకి వాలినా ఊగే బండ ఉందంటూ కౌవాడోల్ అనే పేరు తెచ్చుకున్న కొండ కూడా నిజంగానే అక్కడుంది. హైదరాబాద్‌లో బండ మీద బండ నిలబడ్డ గుట్టలు చూస్తూ పెరిగిన మన పిల్లలకి ఆ మంజర్ వేరే చెప్పక్కర్లేదు. రాత లేదన్నది మాత్రం నిజం కాదు. సుమారు 2,200 ఏళ్ల కిందట అశోక్ బాద్షా వాటిలో కొన్నిటిని ఆజీవకులనే ఫకీర్లకి ఇస్తూ గోడల మీద చెక్కించాడు. లోమశ రుషి గుహ వాకిలి మీద ఏనుగుల వరుస ఉంది. ఆజీవకులు తారీఖ్‌లోంచి పూర్తిగా మాయమైపోయిన జమాత్. అక్కడి కొన్ని రాతల్లో వాళ్ల పేరున్న చోటే ఎవరో తర్వాత ఉలితో చెరిపేశారు. మిగిలిన రాతని ఫార్‌స్టర్ కలంతో చెరిపేశాడు. ఒకటి దుష్మనీతో చేసిన పని, ఇంకోటి ఫన్ కోసం చేసిన పని. రెండూ ఒకటని అనడం లేదు. హిందుస్తాన్ గుహలకి మానీయే లేదని ఆ నవల చదివి ఎవరైనా నమ్మితే మాత్రం వాళ్లు ఇస్తిఆరాని మ్యాపు అనుకున్నట్టే.

అదే గుహలో ఇంకో మంజర్ ఉంది, నాకు అన్నిటికన్నా ప్రియమైనది. చీకట్లో అగ్గిపుల్ల గీస్తే, నున్నని రాతి లోపల్నించి ఇంకో మంట దాన్ని కలుసుకోవడానికి లేచొస్తుంది. దగ్గరికొస్తుంది, తాకినట్టే ఉంటుంది, కలవలేదు. మధ్యలో రాయి అడ్డం. షమా-పర్వానా మీద పెరిగిన మనకి ఇది చిత్రంగా ఉంటుంది. పర్వానా కాలిపోయైనా షమాని చేరుతుంది. ఇక్కడ రెండూ మంటలే, అయినా చేరలేవు. డాక్టర్ అజీజ్, ఇంగ్లిష్ మాస్టారు ఫీల్డింగ్ దోస్తీ కథంతా ఆ అగ్గిపుల్లలోనే ఉందని నా ఖయాల్. అద్దం లాంటి ఆ రాయే హుకూమత్.

ఆస్మాన్ విషయంలో కూడా మన షాయరీ పనికొస్తుంది. గజల్‌లో ఫలక్ అంటే వట్టి మేఘాలు కాదు, ఆషిక్ మీద జులుం చేసే జాలిమ్. ఫార్‌స్టర్ ఆస్మాన్ కూడా అన్నీ తానే నిర్ణయిస్తుంది. అయితే అందులో ద్వేషం లేదు, బేపర్వా మాత్రమే ఉంది. నవలలో అజీజ్ గాలిబ్‌ని చదివేవాడు, కాబట్టి ఈ పోలిక నేను బయటి నుంచి తెచ్చిపెట్టింది కాదు.

మస్జిద్ మంజర్‌ని మాత్రం వేరుగా చదవాలి. వెన్నెల, వజూ కోసం హౌజ్, గోడ మీద నల్లగా అల్లాహ్ 99 నామాలు. చెప్పులు విడిచి లోపలికొచ్చిన మిసెస్ మూర్‌తో అజీజ్ మొదటిసారి మాట్లాడేది అక్కడే. గుహలో రాతని చెరిపేసిన చేతే మస్జిద్‌లో రాతని నిలబెట్టింది. నవలకి మూడు భాగాలు: మస్జిద్, గుహలు, మందిరం. గుహ ఎందుకంత ఖాళీగా ఉందో మస్జిద్ పక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఒక్కో వర్ణనని విడిగా కోసి 'దీనికి అర్థమేమి' అని అడిగే పరీక్ష పేపరు ఈ దారి మూసేస్తుంది.

ఆఖరి పేజీలో అజీజ్, ఫీల్డింగ్ గుర్రాల మీద పక్కపక్కన వెళ్తుంటారు. ఇద్దరికీ దోస్తీ కావాలి. జమీన్‌కే ఇష్టం లేదు. గుర్రాలు పక్కకి తప్పుకుంటాయి, బండలు దారిని ఇరుకు చేస్తాయి, జైలూ మహలూ చెరువూ పక్షులూ ఇప్పుడే కాదంటాయి. ఇది తష్ఖీస్, అంటే ప్రాణం లేని వాటికి నోరివ్వడం. అప్పటికి మనుషులు చెప్పలేని మాట కాబట్టి రాళ్ల చేత చెప్పించాడు. 1924లో ఒక ఇంగ్లిష్‌వాడు తన హుకూమత్ గురించి అలా రాయడం చిన్న విషయం కాదు.

నవలలో జమీన్ ఒప్పుకోని దోస్తీ బయట మాత్రం తెగలేదు. మసూద్ 1929 నుంచి 1934 దాకా అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా ఉండి, తర్వాత భోపాల్‌కి వెళ్లి, 1937లో అక్కడే ఇంతెకాల్ చేశారు. అంజుమన్ తరఖ్ఖీయే ఉర్దూ వాళ్ల 'ఉర్దూ' రిసాలాకి ఫార్‌స్టర్ ఒక వ్యాసం పంపాడు. లండన్ శివారు బతుకులో నిద్రపోతున్న తనని లేపి, కొత్త ఉఫుఖ్‌లు చూపించినవాడు మసూద్ అని అందులో రాసుకున్నాడు.